ఆకు నాది, పువ్వు మీది

ఆ రోజుల్లో ఆడపిల్లకు ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో రెండు చర్చలు జరిగేవి. వెళ్లాలా వద్దా అనేది మొదటిది. వెళితే తోడు ఎవరు వెళ్లాలనేది రెండోది. నా విషయంలో మొదటి చర్చ నెలరోజులు నడిచింది. రెండోది మాత్రం అయిదు నిమిషాల్లో తేలిపోయింది, ఎందుకంటే మా ఇంట్లో తీరికగా ఉన్నదీ, పులికి కూడా భయపడనిదీ మా నాయనమ్మ ఒక్కతే. (పులే ఆవిడకి భయపడుతుందని మా అమ్మ అభిప్రాయం.) ఎనభైల మొదట్లో మాట ఇది. టీచరు ట్రైనింగు పూర్తయిన ఏడాదే నాకు చండ్రుగొండ అవతల, అడవి అంచున ఒక ఊళ్లో పోస్టింగు వచ్చింది. బస్సు దిగాక మూడు మైళ్లు నడవాలి. మా నాన్నకు వేంసూరు దగ్గర పొలాలున్నాయి. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. మట్టి చెప్పిన మాట తప్ప మరొకటి నమ్మని మనిషి ఆయన. బయల్దేరేటప్పుడు నన్ను పిలిచి, "ఎండాకాలం దాకా చూస్తాను. అప్పుడు నేనే వస్తాను. అక్కడ మీకు తిండీ నీళ్లూ సరిగ్గా జరుగుతున్నాయని నా కళ్లతో చూస్తే సరే, ఉండండి. లేదంటే ఆ రోజే సామాను సర్దుకుని నాతో వచ్చేయాలి. మళ్లీ ఉద్యోగం మాట ఎత్తకూడదు" అన్నాడు. నేను బుద్ధిగా తలూపాను. ఎండాకాలం చాలా దూరంలో ఉందనిపించింది.

ఆ ఊళ్లో కూరగాయలు కొనుక్కోవాలంటే వారానికోసారి చండ్రుగొండ అంగడికి వెళ్లాలి. అందుకని వెళ్లిన నెలలోనే మేం కిరాయికి ఉన్న ఇంటి వెనక నాలుగు మడులు చేసుకున్నాం. వంకాయ, బెండ, టమాటా, బచ్చలి. చలికాలంలో అవి కాసిన మాట నిజం. కానీ నేను నాన్నకు రాసిన ఉత్తరాల్లో అవి ఇంకా బాగా కాశాయి. 'మేం తినగా మిగిలినవి ఊరంతా పంచుతున్నాం' అని రాశాను. (పంచింది ఒకసారి, మూడు వంకాయలు, అందులో ఒకటి పుచ్చు.) 'ఎండాకాలమంతా మనకు పెరట్లో కూరే' అని మరో ఉత్తరంలో రాశాను. ఆ మాట రాసేటప్పుడు నాకున్న ధైర్యం, ఎండాకాలం వచ్చాక ఎటుపోయిందో తెలియదు.

శివరాత్రి దాటగానే అక్కడి ఎండలు నేరుగా నెత్తికెక్కాయి. ఊరికంతా ఒకటే చేదబావి. నీళ్లు అడుగంటుతున్నాయని పెద్దలు కూర్చుని ఇంటికి పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు అని నియమం పెట్టారు. వంటకూ స్నానానికీ పోగా మొక్కలకు మిగిలేది నాయనమ్మ స్నానం చేసిన నీళ్లే. అవి సాయంత్రం పోస్తే మర్నాడు పదింటికల్లా మట్టి తెల్లబడి నెర్రెలు విచ్చేది. బెండమొక్కలు మధ్యాహ్నానికి తలలు వేలాడేసేవి. నేను బళ్లో పిల్లలకు మొక్క భాగాలు చెప్పి ఇంటికొచ్చి, ఆ భాగాలన్నీ ఒక్కొక్కటే ఎండిపోవడం చూసేదాన్ని. నాన్న పెట్టిన షరతు రోజూ గుర్తొచ్చేది.

మా ఎదురింట్లో ఒక కోయ అవ్వ ఉండేది. ఎప్పుడూ నెత్తిన గంప లేకుండా కనపడేది కాదు కాబట్టి ఊళ్లో అందరూ ఆమెను గంపవ్వ అనేవాళ్లు. ఆమె వాకిట్లో ఒక సొరపాదు ఉంది. దానికి ఆమె పోసేది చెంబెడు నీళ్లు. అయినా అది మిట్టమధ్యాహ్నం కూడా ఆకులు విప్పుకుని హాయిగా పందిరెక్కేది. పోయి చూస్తే పాదు మొదట్లో ఎండుటాకులు మోకాలెత్తు పోసి ఉన్నాయి. ఇదేమిటి అవ్వా, చెత్తంతా దాని మీద పోశావు అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"పంతులమ్మా, ఎండల చెప్పులు లేకుంట నిలవడుమంటే నువ్వు నిలవడతవా?"

"నిలబడను."

"మరి దానికి గూడ కాళ్లు కాలతయ్ గద. నువ్వేమో నీ మొక్కల కింద అద్దం లెక్క ఊడ్సి పెడితివి."

నేను సైన్సు టీచర్ని. నేలలో తేమ ఆవిరి కావడం గురించి బోర్డు మీద బాణం గుర్తులతో సహా బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఆ బాణాలన్నీ మా పెరట్లోంచే పైకి పోతున్నాయని ఆ నిమిషందాకా నాకు తోచలేదు.

ఆ సాయంత్రమే మా ఇంటి పక్క టేకు చెట్టు కింద ఆకులు గంపెడు ఎత్తుకొచ్చి నాలుగు మడుల మీదా కప్పాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఒక్క ఆకు లేదు. మడులు మళ్లీ అద్దంలా మెరుస్తున్నాయి. నీళ్లపొయ్యి కింద మాత్రం భగభగ మంట. మా నాయనమ్మకు లోకంలో ఒకటే శత్రువు, చెత్త. తెల్లారకముందే లేచి వాకిలీ పెరడూ ఊడ్చి కళ్లాపి చల్లితే గానీ ఆవిడ నోట్లో నీళ్లు పోసుకోదు. "ఏవే, చదువుకున్నదానివి, మొక్కల మీద చెత్త పోస్తావా? చూసినవాళ్లు ఈ ఇంట్లో ఆడదిక్కు లేదనుకోరూ?" అంది. నేను మళ్లీ కప్పాను. ఆవిడ మళ్లీ ఊడ్చింది. నాలుగు రోజులు ఈ యుద్ధం నడిచింది. ఆ నాలుగు రోజులూ వేడినీళ్లకు మాత్రం లోటు రాలేదు.

చివరికి సంధి కుదిరింది. మడి గట్టు లోపలున్న ఆకు నాది, గట్టు దాటిన ఆకు ఆవిడ చీపురుది. ఈ ఒప్పందాన్ని నాయనమ్మ ఎంత కచ్చితంగా అమలు చేసిందంటే, పొద్దున్నే చీపురుతో నాలుగు మడుల అంచులూ గీత గీసినట్టు సవరించి, చుట్టూ ముగ్గు వేసేది. ఎండుటాకుల మడికి ముగ్గు పెట్టిన ఇల్లు ఆ ఇలాకాలో మాది ఒక్కటే అయి ఉంటుంది.

ఇక ఆకు కావాలి. నాలుగు మడులకు నాలుగు వేళ్ల మందం కప్పాలంటే ఒక్క టేకు చెట్టు ఏ మూలకి? ఊరి వెనక బోడు మీద, అంటే చిన్న గుట్ట మీద, ఇప్పచెట్లున్నాయి. మాఘం చివర అవి ఆకంతా రాల్చేస్తాయి. ఒక ఆదివారం నేను చీపురూ రెండు గోనెసంచులూ పట్టుకుని వెళ్లి, అన్నిటికంటే పెద్ద చెట్టు ఎంచుకుని దాని కింద నున్నగా ఊడ్చి, రెండు సంచులూ కుక్కి తెచ్చుకున్నాను. నాయనమ్మ పెంపకం కదా, ఊడిస్తే ఒక్క పుల్ల మిగలకుండా ఊడుస్తాను. ఆ పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

సాయంత్రానికి మా వాకిట్లో ఒక ముసలాయన, ఆయన వెనక ఇద్దరు కొడుకులు, వాళ్ల వెనక గంపవ్వ వచ్చి నిలబడ్డారు. ముసలాయన చాలా మర్యాదగా, చాలా బాధగా అన్నాడు:

"పంతులమ్మా, గా చెట్టు మా తాతనాటి సంది మాది. నీకు పిల్లలకు చదువు చెప్పే పని ఉంది గదా. మా చెట్టు మీద ఎందుకు కన్ను వడ్డది?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గంపవ్వే విడమరిచి చెప్పింది. పువ్వు రాలే కాలానికి ముందు ఎవరి ఇప్పచెట్టు కింద వాళ్లు శుభ్రం చేసుకుంటారు, రాలిన పువ్వు మట్టీ ఆకూ అంటకుండా ఏరుకోవడానికి. "ఇప్పచెట్టు కింద ఊడ్సుడంటే గా చెట్టు నాది అనుడే బిడ్డా. ఇంక నోటితోని చెప్పే పని లేదు" అంది. అంటే ఆ పొద్దున్న నేను నా చీపురుతో, ఊళ్లో అన్నిటికంటే పెద్ద చెట్టు, ఒకరి తాతముత్తాతల ఆస్తి, ఆక్రమించి వచ్చాను!

సిగ్గుతో చచ్చిపోయాను. చేతులు జోడించి, "తాతా, నాకు మీ పువ్వు వద్దు. ఆకు కోసమే ఊడ్చాను. మొక్కల మీద కప్పుకోవడానికి" అన్నాను. ముసలాయన కొడుకుల వైపు చూశాడు. కొడుకులు గంపవ్వ వైపు చూశారు.

"పువ్వు వద్దా?"

"వద్దు. ఆకు నాది, పువ్వు మీది."

"ఆకంతా నువ్వే ఊడ్సుకపోతవా?"

"అవును."

వాళ్ల ముగ్గురి మొహాలూ మెల్లగా విచ్చుకున్నాయి. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. "పంతులమ్మా, మా చెట్టు కింద ఆకు మస్తుగున్నది, రా" అంది ఒకామె. "మాది ఇంకా మెత్తగుంటది" అంది రెండో ఆమె. ఆ ఊరివాళ్ల మంచితనానికి నా కళ్లు చెమర్చాయి. ఒంటిపూట బళ్లు మొదలయ్యాయి కాబట్టి రోజూ ఎండ చల్లబడ్డాక చీపురుతో బోడెక్కేదాన్ని. మూడు వారాల్లో పద్నాలుగు చెట్ల కింద ఊడ్చాను. 'ఇక్కడి జనం నేనంటే ప్రాణం పెడుతున్నారు, తమ చెట్లే నాకు ఇస్తున్నారు' అని నాన్నకు ఉత్తరం రాశాను.

ఒకరోజు మా హెడ్‌మాస్టరు (మధిర వైపు మనిషి, నవ్వితే మీసం ఒక పక్కకే లేచేది) నన్ను పిలిచి, "అమ్మా, మీకు ఊళ్లో చీపురు టీచరని పేరొచ్చింది, తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "ఏటా ఈ రోజుల్లో ఒక్కో ఇంటివాళ్లు వారం రోజులు నడుములు విరగ్గొట్టుకుని చెట్ల కింద ఊడ్చి ఆ ఆకు తగలబెడతారు. ఈసారి ఆ కష్టం ఎవరికీ లేదు, మీ పుణ్యమా అని. అందుకే అంత ప్రేమ" అన్నాడు. కాసేపు నాకు రోషం వచ్చింది. ఇంటికెళ్లి పెరట్లో నిలబడేసరికి పోయింది. నాలుగు మడులూ, వాటి మీద కొత్త కంబళ్లలాంటి ఆకు, మధ్యలోంచి పచ్చగా తలెత్తిన వంగమొక్కలు. ఊడిస్తే ఊడ్చాను, ఏం పోయింది? నిజం చెప్పొద్దూ, నాకు ఇప్పటికీ ఆ పద్నాలుగు చెట్ల గురించి చెప్పుకోవాలంటే ఛాతీ ఉబ్బుతుంది.

ఆకు కప్పడమంటే ఒకసారి పరిచి చేతులు దులుపుకునే పని కాదని ఆ మూడు వారాల్లోనే నేర్చుకున్నాను. నాలుగు వేళ్ల మందం వేసింది పదిహేను రోజులకు రెండు వేళ్లకు దిగుతుంది. అడుగున ఉన్నది మట్టిలో కలుస్తుంది, పైనున్నది అట్ట కట్టి నీళ్లను కిందికి పోనివ్వదు. అందుకని కొత్త ఆకు వేసేముందు పాతదాన్ని పుల్లతో గుల్లగా లేపాలి. మొక్క మొదట్లో బెత్తెడు ఖాళీ వదలాలి, లేకపోతే కాండం కుళ్లుతుంది. ఎండుటాకు వాసనకు చెదలు వస్తాయి, వాటికి పొయ్యిలో బూడిద. గాలికి ఎగరకుండా పైన కందికట్టె. కోళ్లకు మాత్రం మందు లేదు. మేం కిరాయికున్న ఇంటి యజమాని కోళ్లు రోజూ వచ్చి పురుగుల కోసం మడులన్నీ గీకి పోసేవి. గట్టు దాటిన ఆకుని నాయనమ్మ ఆనందంగా పొయ్యిలో పెట్టేది. ఆ విషయంలో కోళ్లూ మా నాయనమ్మా ఒక జట్టు అని నాకు గట్టి అనుమానం.

అలా ఉండగా నాన్న దగ్గర నుంచి కార్డు వచ్చింది. 'వచ్చే శనివారం వస్తున్నాను. మీ ఇద్దరి సామాన్లూ ఒకచోట పెట్టి ఉంచు.' రెండే వాక్యాలు. రెండో వాక్యం మళ్లీ చదివాను. ఆయన చూడ్డానికి రావడం లేదు, తీసుకెళ్లడానికే వస్తున్నాడు.

పరుగెత్తి పెరట్లోకి వెళ్లాను. నెలాఖరు పరీక్షల పనిలో పడి పది రోజులుగా మడుల సంగతి పట్టించుకోలేదు. ఆకు సగానికి సగం తగ్గిపోయింది, కోళ్లు గీకిన చోటల్లా మట్టి బయటపడి తెల్లగా మండుతోంది. బెండ అప్పుడే తల వేలాడేస్తోంది. వెంటనే కొత్త ఆకు వేయాలి. కానీ ఆకేది? పద్నాలుగు చెట్ల కింద నేనే కళ్లంలా ఊడ్చి పెట్టాను. ఇప్పుడక్కడ తెల్లారుజామునే పువ్వు రాలుతోంది, జనం ఏరుకుంటున్నారు. బోడంతా తిరిగితే ఒక్క చెట్టు కింద మాత్రం ఆకు ఒత్తుగా ఉంది. అది గంపవ్వ చెట్టు. "నా చెట్టు కింద నేనే ఊడ్సుకుంట, నువ్వేంది ఊడ్సేది" అని ఆమె మొదట్లోనే నన్ను రానివ్వలేదు. తీరా ఊడ్చుకునే వేళకు ఇల్లందులో ఉన్న కూతురికి నెల ముందే నొప్పులొచ్చాయని కబురొస్తే, ఉన్నపళంగా బస్సెక్కి పోయింది. అయిదారు రోజులుగా ఆ చెట్టు పువ్వు ఆకు మీదే రాలి పడి ఉంది. ఊళ్లో ఒక్కరు కూడా దాన్ని ముట్టుకోలేదు. ఎవరి చెట్టు వాళ్లది మరి. మనిషి ఊళ్లో లేకపోయినా చెట్టు ఆమెదే.

ఆ సంగతి అప్పటికి నాకూ తెలుసు. 'ఆకు నాది, పువ్వు మీది' అన్న మాట నా నోటితో అన్నదే. కానీ ఆకులోంచి పువ్వు ఏరి వేరుచేసే తీరిక లేదు. రాలి వాడిన పువ్వు ఎరువుకు తప్ప ఎందుకు పనికొస్తుందిలే అని నా సైన్సు బుర్ర సర్దిచెప్పింది. నాలుగు సంచులు, పువ్వుతో సహా ఎత్తుకొచ్చి, మడుల మీద ఆరు వేళ్ల మందం కప్పాను. పైన ఆ గురువారం మా వంతు నీళ్లు మొత్తం, నాయనమ్మ స్నానం మానేసి ఇచ్చిన బిందెతో సహా, ధారాళంగా పోశాను. (స్నానం మానడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. ఉద్యోగం నాది అయినా, ఊరు వదిలి వెళ్లడం ఆవిడకీ ఇష్టం లేదని నాకు ఆ రోజే తెలిసింది.) మడులు బ్రహ్మాండంగా కనిపించాయి.

శుక్రవారం పొద్దున నాయనమ్మ ముగ్గు వేస్తూ వేస్తూ ఆగింది. "ఏవే, ఏదో పులిసిన వాసన. అట్లపిండి గానీ ఒలికిందా?" అంది. మధ్యాహ్నానికి ఆ వాసన పెరడు దాటి వంటింట్లోకి వచ్చింది. సాయంత్రం ఇంటి యజమాని కోడిపుంజు మా మడుల్లో కాసేపు గీకి, తిని, గోడెక్కబోయి మూడుసార్లు కింద పడింది. తర్వాత సూర్యుడు దిగిపోయే వేళ తెల్లారిందనుకుని గొంతెత్తి కూసింది. అప్పుడు నాకు వెలిగింది. ఎండ, తడి, తియ్యటి పువ్వు, పైన కప్పు. సారా కాచేవాళ్లు కుండలో చేసే పనిని నేను నాలుగు మడుల్లో, ముగ్గు పెట్టి మరీ చేశాను.

మా నాన్న సంగతి మీకు చెప్పాలి. సారా వాసన వస్తే ఆ వీధి మానేసి పొలాల గట్ల మీంచి చుట్టు తిరిగి వెళ్లే మనిషి ఆయన. తాగి పనిలోకి వచ్చినవాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి శనివారం పదకొండింటికి చేతిసంచీతో చెమటలు కక్కుతూ వచ్చాడు. మడుల మీది ఆకు ఎత్తి పారేద్దామంటే మొక్కలు మాడిపోతాయి, ఉంచుదామంటే ఈ వాసన. రెంటికీ మధ్య నేను ఎటూ తేల్చుకోలేక గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కాళ్లు కడుక్కుని, పెరటి వసారాలో మంచం మీద కూర్చుని, మజ్జిగ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు. గ్లాసు వాసన చూశాడు. కింద పెట్టాడు. గాలి పీల్చాడు.

"అమ్మా, ఏంటీ వాసన?"

"ఏం వాసన రా అబ్బాయ్, నాకు జలుబు" అంది నాయనమ్మ. జన్మలో అబద్ధం ఆడని మనిషి.

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మంలో గంపవ్వ గొంతు ఖంగుమంది. ఆ పొద్దున బస్సుకే ఇల్లందు నుంచి వచ్చి నేరుగా చెట్టు దగ్గరికి వెళ్లిందట. "ఓ పంతులమ్మా! ఏందిది? నా పువ్వంత ఏడ వోసినవ్? సంచులు మోస్తుంటే ఊరంత చూసిన్రట!" అంటూ పెరట్లోకి వచ్చేసింది.

"ఏం పువ్వు?" అన్నాడు నాన్న, లేచి నిలబడి.

"ఇప్పపువ్వయ్యా. నువ్వు పంతులమ్మ అయ్యవా? నీ బిడ్డ ఈడనే పెట్టింది. నీకు వాసన వస్తలేదా?"

నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఎప్పటికీ మరిచిపోలేను. కోపం కాదు, అంతకంటే ఘోరం. "సర్దండి. రెండింటి బస్సుకి వెళ్లిపోదాం" అన్నాడు. ఉద్యోగం, బడి, నా పద్నాలుగు చెట్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. ఆయన అక్కడితో ఆగలేదు. "కుండ ఎక్కడ పెట్టారు?" అంటూ విసురుగా మడి దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద వంగి, ఆకు కింద చెయ్యి పెట్టి వెతకసాగాడు.

వెతుకుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఆయన ఆ చెయ్యి బయటికి తీయలేదు. అలాగే గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి పిడికెడు మట్టి తీసి నొక్కి చూశాడు. అది ముద్దయింది. నల్లటి, చల్లటి మట్టి. పక్క మడిలో చెయ్యి పెట్టాడు, అక్కడా అంతే. తర్వాత మడి గట్టు బయట వేలితో గీశాడు. అక్కడ మట్టి పెంకులా ఉంది, గోరు కూడా దిగలేదు.

"నీళ్లు ఎప్పుడు పోశావు?" అన్నాడు, నా వైపు చూడకుండానే.

"గురువారం పొద్దున."

"ఆ తర్వాత?"

"లేదు నాన్నా. బావిలో నీళ్లు లేవు. నాయనమ్మ స్నానం నీళ్లే వాడతాం. ఆ రోజు మాత్రం స్నానం మానేసి బిందె ఇచ్చింది."

ఆయన వాళ్లమ్మ వైపు ఒకసారి చూశాడు. మళ్లీ మట్టి వైపు చూశాడు. ఆ ఏడు మా నిమ్మతోటలో కొత్తగా నాటిన మొక్కలు రోజు విడిచి రోజు తడి పెట్టినా సగం చచ్చిపోయాయని, ఆ దిగులుతోనే ఆయన నెల రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదని నాకు తర్వాత అమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం మా నాన్న ఎండలో గొంతుక్కూర్చుని బెండమొక్క మొదట్లో వేళ్లు పెట్టి, ఎవరో పసిపిల్లకు జ్వరం తగ్గిందేమో చూస్తున్నట్టు చూడటం తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఉన్నదంతా కక్కేశాను. గంపవ్వ సొరపాదు, నాయనమ్మతో సంధి, పద్నాలుగు చెట్లు, నాలుగు సంచులు, కోడిపుంజు, అంతా. కోడిపుంజు దగ్గరికి వచ్చేసరికి నాన్న మీసాల కింద పెదవి అదిరింది. నవ్వో కాదో తేల్చుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"మంచిగున్నది. మీ మట్టి మీకు దొరికింది. మరి నా పువ్వు?" అంది గంపవ్వ, నడుం మీద చేతులు పెట్టుకుని.

నాన్న లేచి, "ఆ పువ్వుతో నువ్వు మాత్రం చేసేది సారాయేగా" అన్నాడు, కాస్త కటువుగానే.

"గట్ల ఎవరు చెప్పిన్రయ్యా? ఎండవెట్టి దాసుకుంటం. వానకాలం తిండికి లేనినాడు ఉడకవెట్టుకుంటం. నువ్వులేసి దంచి బాలింతకు పెడతం. నా బిడ్డ కని వారం గూడ గాలేదు. దానికి తీస్కపోదామని వస్తి నేను."

నేను చేసింది ఎంత తప్పో నాకు అప్పుడు సరిగ్గా తెలిసింది. మా నాన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. తప్పయితే తప్పని ఒప్పుకునే గుణం ఆయనది, కాకపోతే ఆ అవసరం ఆయనకు అంతగా పడేది కాదు. "మా పిల్లది తప్పే. నాదీ తప్పే. ఏం చేయమంటావో చెప్పు" అన్నాడు.

"చెట్టు మీద ఇంకా పువ్వున్నది. నాకు ఇల్లందుల నిలవడి నిలవడి నడుం పోయింది. రేపు తెల్లారంగ మీరిద్దరు వచ్చి ఏరి పెట్టుండ్రి" అంది గంపవ్వ. ఆమె మాట మా నాయనమ్మకు ఎంత నచ్చిందంటే, కూర్చోమని పీట వేసి నాన్నకని కలిపిన మజ్జిగ ఆమెకు ఇచ్చింది.

అలా మా నాన్న రెండింటి బస్సు ఎక్కలేదు. ఆదివారం తెల్లవారుజామున, సారా వాసనకు వీధి మార్చే మనిషి, తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, ఇప్పచెట్టు కింద వంగి వంగి పువ్వు ఏరాడు. పైనుంచి టప టప రాలుతూనే ఉంది. బోడు మీద పువ్వేరుకుంటున్న జనమంతా ఆయన్ను చూసి "పంతులమ్మ అయ్యనట" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ముసలాయన తన చెట్టు కింది నుంచి కేకేసి, "అయ్యా, నీ బిడ్డ ఊడ్సినట్టు ఈ ఊళ్లె ఎవ్వలు ఊడ్వలేదు!" అన్నాడు. నాన్న నడుం నిలబెట్టి చుట్టూ చూశాడు. పద్నాలుగు చెట్ల కింద నున్నటి నేల మీద పువ్వు ముత్యాలు పోసినట్టు పడి ఉంది. ఆయన గంపలోంచి ఒక పువ్వు తీసి, అటూ ఇటూ చూసి, నోట్లో వేసుకున్నాడు. నేను చూడనట్టు మొహం తిప్పుకున్నాను.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నాయనమ్మతో "అమ్మా, నీ చీపురు అరిగిపోయింది. వచ్చే నెల కొత్తవి రెండు పంపిస్తాను" అన్నాడు. అంటే ఉండమనే. మా ఇంట్లో అనుమతులు అలాగే వచ్చేవి. నాయనమ్మ లోపలికెళ్లి, తీసి ఉంచిన సామాన్లు మళ్లీ అటక మీద పెట్టేసింది. నేను వంటింట్లో తలుపు చాటున నిలబడి బాగా ఏడ్చాను.

ఇరవై రోజులకు నాన్న కార్డు వచ్చింది. క్షేమ సమాచారాలు లేవు. 'చిన్న నిమ్మమొక్కకు ఆకు ఎంత మందం వేయాలి? మొదలు దగ్గర ఎంత వదలాలి? చెదలు వస్తే బూడిద సరిపోతుందా? పాత ఆకు తీసేసి కొత్తది వేయాలా, దాని మీదే వేయాలా? వెంటనే రాయి.' పుట్టి పెరిగిన ఇరవై రెండేళ్లలో మా నాన్న నన్ను అడిగిన మొదటి సలహా అది. నేను ఉత్తరం మూడు పేజీలు రాశాను, బొమ్మ కూడా వేశాను, బాణాలతో. (కింద ఎర్రసిరాతో 'పువ్వు లేని ఆకు మాత్రమే వాడవలెను' అని గీత గీసి మరీ రాశాను.) ఆ నిమ్మతోట తర్వాత చాలా ఏళ్లు కాసింది. వచ్చినవాళ్లు చెట్ల కింద ఆ చెత్తేమిటని అడిగితే, "మా అమ్మాయి చెప్పింది" అనేవాడట. ఆ మాట నేను ఎన్నడూ స్వయంగా వినలేదు. అమ్మ చెబితే తెలిసింది. అయినా ముప్పై అయిదేళ్ల సర్వీసులో ఎవరు మెచ్చుకున్నా నాకు దాని ముందు దిగదుడుపే అనిపించేది.

ఇప్పుడు రిటైరై ఖమ్మంలో ఉంటున్నాను. ఇంటి ముందు రెండు చిన్న మడులున్నాయి. మాఘం వచ్చిందంటే చీపురూ సంచీ పట్టుకుని కాలనీలోకి బయల్దేరతాను. చెట్లు ఎక్కువగా ఉన్న వీధి ఊడ్చే ఆమె నన్ను చూసి, "అమ్మా, మీకెందుకు ఈ కష్టం, నేను ఊడుస్త గదా" అంటుంది. నేను నవ్వి ఊరుకుంటాను. ఇరవై రెండేళ్ల ఆ పిల్ల, చీపురు చేతబట్టి ఊరి ఆస్తులన్నీ ఆక్రమించిన ఆ సైన్సు టీచరు, నా పక్కనే నిలబడి ఊడవడానికి తొందరపడుతూ ఉంటుంది. దాన్ని కాస్త ఆగమని, చీపురు నేలకు తగిలించకముందే అడుగుతాను.

"ఈ చెట్టు ఎవరిదమ్మా?"